పదికి ఒకటి

మార్చి 9, శనివారం

ఇవాళ డ్రమ్‌షీల్‌లో పాత పోలీసు ఠాణా చూసొచ్చాను, అమ్మకానికున్న ఇళ్ళకి మార్కులేసే నా పత్రిక కాలమ్ కోసం. ప్రకటనలో బ్రోకరు మాలకీ ఏమని రాశాడంటే, "చరిత్ర నిండిన అరుదైన గృహం". చరిత్ర అంటే కిటికీలకి ఇనప ఊచలు. "విశాలమైన సామాన్ల గది" అంటే లాకప్పు. ఇప్పుడందులో బంగాళదుంపల బస్తాలున్నాయి. అవి పారిపోయే రకం కాదు కాబట్టి తాళం తీసేశారట. ఇళ్ళ బ్రోకర్ల భాష నాకు కంఠతా వచ్చేసింది. "ప్రశాంత వాతావరణం" అంటే బస్సు రాదు. "మీ అభిరుచికి తగ్గట్టు మలుచుకోవచ్చు" అంటే పైకప్పు లేదు. "నీటికి చేరువలో" అంటే జనవరిలో ఏరు వంటింట్లోకి వస్తుంది.

ఇల్లమ్ముతున్న టైనన్ ముసలమ్మ నన్ను గుమ్మంలోనే పట్టుకుంది.

"టీ తాగుతావా?"

"వద్దండీ, ఇప్పుడే తాగొచ్చాను." నిజానికి పొద్దుట్నుంచీ గొంతులో చుక్క పడలేదు.

"ఒక్క గుక్క."

"అయ్యో, మీకెందుకు శ్రమ! వద్దండీ."

"శ్రమేంటి తల్లీ, కెటిల్ ఎలాగూ కాగుతోంది!"

"సరే, మీరింతగా అంటున్నారు కనక."

రెండు కప్పులు తాగాను. ఆపిల్ టార్ట్ రెండో ముక్క దగ్గర కూడా ఇదే తంతు. మొదటిసారి అడగ్గానే తాగుతానని ఉంటే, ఇదెవరి పెంపకమో అని ఆవిడ ఊరంతా చెప్పేది.

పదికి ఆరు. అందులో ఒకటి టార్ట్‌కి.

మాలకీ ఫోన్ చేసి, "అట్రాక్టా గారూ, కొంచెం దయ చూపించండి, పాత పాలకేంద్రం ఇంకా అమ్ముడుపోక నా నెత్తిమీదే ఉంది" అన్నాడు. పోయినేడాది ఆ పాలకేంద్రానికి నేను రెండు మార్కులు వేశాను. అప్పట్నుంచీ దాన్ని చూడ్డానికి పిట్ట కూడా రాలేదట. బోర్డుని ముళ్ళపొదలు సగం మింగేశాయి. నాకు జాలేసింది. ఎక్కువసేపు వెయ్యలేదు.

మార్చి 10, ఆదివారం

చర్చిలో పూజ అయ్యాక ఎప్పటిలాగే ఫర్సీ ఇంటికి వెళ్ళాను. బ్రౌన్ బ్రెడ్ తీసుకెళ్ళాను.

ఒక మాట అడిగాడు. వద్దన్నాను. మళ్ళీ అడుగుతాడు.

మార్చి 11, సోమవారం

నిన్న రాయకూడదనుకున్నాను. రాయకపోతే నిద్ర పట్టేలా లేదు.

ఫర్సీ ఇల్లు ఒకప్పటి రైల్వే స్టేషను. అక్కడ టీ ఎప్పుడూ టికెట్ కిటికీలోంచే వస్తుంది. అతను అటు పక్క వంటింట్లో, నేను ఇటు పక్క బెంచీ మీద. ఆ చిన్న కిటికీ ఊడబీకి గోడ కలిపెయ్యమని ఎంతమంది చెప్పినా వినలేదు. "టికెట్లు ఇక్కడే ఇచ్చేవాళ్ళు, ఇక్కడే ఇవ్వాలి" అంటాడు. రైలు ఆగిపోయి అరవై ఏళ్ళయింది. అతను కొన్నప్పుడు ఆడవాళ్ళ వెయిటింగ్ రూములో గొర్రెలు కాపురముండేవి. కౌన్సిల్లో రోడ్డు పని చేసి సాయంత్రాలు వచ్చి, ఒక్కొక్క రాయీ తనే పెట్టుకున్నాడు. సున్నం పూత కూడా చూసి నేర్చుకున్నదే. రంగులు మాత్రం నేను చెప్పాను. తొమ్మిదేళ్ళు పట్టింది.

నిన్న కిటికీలోంచి కప్పు ఇవ్వబోతూ ఇవ్వలేదు. పట్టుకునే నిలబడ్డాడు.

"తూర్పు గదిలో పొద్దున ఎండ బాగా పడుతుంది" అన్నాడు.

"పడుతుంది కదా."

"ఎవరూ లేకుండా పడుతోంది. వృథా." చెవులు ఎర్రబడ్డాయి పాపం. "నువ్వొచ్చేయ్ అట్రాక్టా. ఇక్కడికే. ఫాదర్‌తో చెప్పి పద్ధతిగానే. నీకిష్టమైతే."

నేనేమన్నానో నాకు స్పష్టంగా గుర్తుంది. "అబ్బే, నాకెందుకులే ఫర్సీ, నా ఇల్లు నాకుంది" అన్నాను. అని, నవ్వి, రెండోసారికి తయారుగా కూర్చున్నాను. రెండోసారికి "ఈ వయసులో ఊరు నవ్వదూ" అనాలి. మూడోసారికి సరేననాలి. ఏ ఆడదైనా అంతే కదా, ఠక్కున ఒప్పేసుకుంటే ఆత్రంగా కాచుక్కూర్చుందనుకోరూ!

అతను "అవును, అదీ నిజమే" అన్నాడు. కప్పు ఇచ్చాడు. పంచదార వెయ్యడం మర్చిపోయాడు. తర్వాత వానల గురించి మాట్లాడుకున్నాం.

వచ్చే ఆదివారం అడుగుతాడు.

మార్చి 17, ఆదివారం

సెయింట్ పాట్రిక్ పండగ. ఊరేగింపులో ఫర్సీ ట్రాక్టరు తోలాడు, వెనక ట్రాలీలో బడిపిల్లలు తడిసి ముద్దయి వణుకుతూ చేతులూపారు. నన్ను చూసి టోపీ ఎత్తాడు. ఆ గోలలో ఏం అడుగుతాడు పాపం.

మార్చి 24, ఆదివారం

బ్రెడ్ తీసుకెళ్ళాను. టీ ఇచ్చాడు. పంచదార వేశాడు. అడగలేదు.

మార్చి 31, ఆదివారం

మదర్స్ డే. అమ్మ సమాధి దగ్గరికి వెళ్ళాను. అందువల్ల ఫర్సీ ఇంటికి వెళ్ళడానికి కుదర్లేదు. సమాధి దగ్గర ఎంతసేపు పడుతుందిలే అని అడిగేవాళ్ళు ఇక్కడెవరూ లేరు.

ఏప్రిల్ 2, మంగళవారం

స్టేషను గేటుకి మాలకీ బోర్డు.

అమ్మకానికి.

ఏప్రిల్ 3, బుధవారం

కారిక్ నుంచి కాన్సెప్టా ఫోన్. మా చెల్లెలికి వార్తలు నాకంటే ముందే అందుతాయి, అది అక్కడ కూర్చునే మా ఊరంతా చూస్తుంది.

"అక్కా, ఫర్సీ ఇల్లెందుకు అమ్మేస్తున్నాడు?"

"నాకేం తెలుసు? వెక్స్‌ఫర్డ్‌లో అన్నకొడుకు ఉన్నాడుగా. పక్కనే గది వేసి ఇస్తానంటున్నాడట. మోకాళ్ళ నొప్పులు కదా."

"మోకాళ్ళు నిరుడూ నొప్పిగానే ఉన్నాయి. నీకు చెప్పకుండా మేకు కూడా కొట్టడు ఆ మనిషి. ఏం జరిగింది?"

చెప్పాను. అనవసరంగా చెప్పాను.

"వద్దన్నావా?"

"మొదటిసారే కదే!"

"అది టార్టా అక్కా, ఇంకో ముక్క ఇంకో ముక్క అని అడగడానికి? వెళ్ళి చెప్పు."

"నేనా! నేనెళ్ళి అడగాలా?"

"ఆ మనిషికి ఒకసారి అడగడానికే తొమ్మిదేళ్ళు పట్టింది. రెండోసారికి ఇంకో తొమ్మిదేళ్ళు ఆగు, ఇద్దరికీ కలిపి ఒకే శవపేటిక చేయిద్దాం" అని ఫోన్ పెట్టేసింది.

పెళ్ళయిన వాళ్ళకి అన్నీ తేలికే. ఇల్లమ్ముకోవడం అతనిష్టం. నాకేం సంబంధం లేదు.

ఏప్రిల్ 5, శుక్రవారం

ఉల్టన్ ఫోన్ చేశాడు. మా ఎడిటర్‌కి ముప్పైరెండేళ్ళు, నన్ను చూస్తే భయం, అందుకే ఎప్పుడూ ఫోన్లోనే.

"ఈసారి స్టేషను ఇల్లు చెయ్యండి అట్రాక్టా గారూ. పాఠకులు ఎగబడి చదువుతారు."

"తెలిసిన వాళ్ళ ఇళ్ళు చెయ్యను."

"ఈ జిల్లాలో మీకు తెలియని వాళ్ళెవరు? చెయ్యండి. మరి... చెయ్యక తప్పదన్నట్టుగా ఉంది."

నీళ్ళు నమిలాడు. ప్రకటనల డబ్బు ఆశ చూపి మాలకీ వేసిన ఎత్తు అయ్యుంటుంది. సరే అన్నాను. పని పనే.

ఏప్రిల్ 9, మంగళవారం

పని మీదే వెళ్ళాను కాబట్టి బ్రెడ్ తీసుకెళ్ళలేదు. పుస్తకం, పెన్ను, కొలతల టేపు.

ఫర్సీ టై కట్టుకున్నాడు. చావులకి కట్టే నల్లది కాదు, ఎర్ర చారలది. ప్లాట్‌ఫారం అంతా కడిగాడు. బెంచీ పక్కన డాఫొడిల్ పూలు బకెట్‌లో పెట్టాడు. కొనేవాళ్ళు వస్తారని ఇదంతా. మాలకీ నేర్పుంటాడు.

"రండి" అన్నాడు. తొమ్మిదేళ్ళుగా నన్ను రా అనే మనిషి!

"ఏంటి, గారు కూడా తగిలిస్తావా?"

"పని మీద వచ్చావు కదా. అందరికీ చూపించినట్టే చూపిస్తాను."

చూపించాడు. గోడలో తడి చేరకుండా ఏం చేశాడో, పార్సిల్ ఆఫీసులోకి స్నానాల తొట్టి ఎలా దించాడో, నాకు తెలిసినవన్నీ, కొన్నిటికి నేనే నిచ్చెన పట్టుకున్నవి, మళ్ళీ మొదట్నుంచీ చెప్పాడు. నేను రాసుకున్నాను. ఏం రాసుకున్నానో ఇప్పుడు చూస్తే గీతలే ఉన్నాయి.

తూర్పు గదిలో కిటికీ దగ్గర కొత్తగా ఒక రాతబల్ల వేశాడు. పాత ప్లాట్‌ఫారం చెక్కతో చేసింది. సొరుగు లాగి చూపించాడు, మైనం రాశాడు, చప్పుడు లేకుండా వస్తుంది.

"ఇదెందుకు? నువ్వు సంతకం పెట్టడానికే బద్ధకిస్తావు."

"రాసుకునేవాళ్ళు ఎవరైనా ఉంటే పనికొస్తుందని."

కొనేవాళ్ళలో రచయితలు ఉంటారనుకున్నాడేమో. ఇలాంటి తళుకులు చూసి మార్కులు వెయ్యనని నేను కాలమ్‌లో ఎన్నోసార్లు రాశాను.

టీ అడిగాడు. వద్దన్నాను. మళ్ళీ అడిగాడు. వద్దన్నాను. మూడోసారి అడిగాడు, తాగాను. టీకి అడగడం మాత్రం బాగా వచ్చు ఈ మనిషికి.

గేటు దాకా వచ్చాడు. "మార్కులు ఎప్పుడు తెలుస్తాయి?" అన్నాడు.

"వచ్చే గురువారం."

"నిజంగా ఎలా అనిపిస్తే అలాగే వెయ్యి అట్రాక్టా. నా మొహం చూసి వెయ్యొద్దు."

అంత మార్కుల పిచ్చి ఎప్పట్నుంచి పట్టిందో.

ఏప్రిల్ 10, బుధవారం

పొద్దున పది దాకా ఏమీ రాయలేకపోయాను. పదింటికి తట్టింది. తట్టగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఇంత తేలిక విషయం ఇన్నాళ్ళూ తట్టలేదేమిటా అని నన్ను నేనే తిట్టుకున్నాను.

పాలకేంద్రం!

నేను రెండు వేస్తే దాన్ని ఎవరూ కొనలేదు. స్టేషనుకి ఒకటి వేస్తే? మాలకీ బోర్డుని కూడా ముళ్ళపొదలు మింగేస్తాయి. ఫర్సీ ఎక్కడికీ వెళ్ళడు. వేసవి గడుస్తుంది, చలికాలం వస్తుంది, ఆదివారాలు వస్తాయి. అడగడానికి అతనికి కావలసినన్ని ఆదివారాలు ఉంటాయి. నేను ఎవర్నీ ఏమీ అడగక్కర్లేదు.

ఒక్క ఊపున రాశాను. తొట్టి గురించి రాశాను, "టికెట్ లేకుండా స్నానం చేస్తే జరిమానా ఉంటుందేమో కనుక్కోండి" అని. టికెట్ కిటికీ గురించి రాశాను, "ఇంటాయన టీ ఇస్తాడో టికెట్ కొట్టిస్తాడో తెలియదు" అని. తలుపుల నీలం "జబ్బు పడ్డ చేప రంగు" అన్నాను. ఆ నీలం కోసం నేను ఫర్సీని మూడు ఊళ్ళు తిప్పాను. చివర్లో ఇంకా గట్టిగా ఏదైనా ఉండాలనిపించింది, పెళ్ళయిన జంటలు కూడా భయపడి పారిపోయేలా. "బుద్ధి ఉన్న ఏ ఆడదీ ఈ ఇంట్లో ఒక్కరోజు కూడా కాపురం చెయ్యదు" అని రాశాను.

పదికి ఒకటి. నా కాలమ్ పుట్టాక ఇంత తక్కువ ఎప్పుడూ వెయ్యలేదు. ఆ ఒకటైనా డాఫొడిల్స్‌కి అని రాశాను.

చాలా బాగా కుదిరింది. పంపేశాను. రాత్రికి హాయిగా భోంచేశాను.

ఏప్రిల్ 18, గురువారం

పత్రిక వచ్చింది. కొట్లో నిలబడి జనం చదువుకుంటూ నవ్వుతున్నారు. మాంసం కొట్టు హానొరా "జబ్బు పడ్డ చేప!" అని కళ్ళు తుడుచుకుంది. ఫర్సీ కూడా నవ్వుతాడు. నేను రాసేవన్నీ చదివి నవ్వుతాడు ఎప్పుడూ. ఠాణాలో బంగాళదుంపల ముక్క చదివి తెగ నవ్వాడు.

ఏప్రిల్ 21, ఆదివారం

ఈస్టర్. ఫర్సీ పూజకి రాలేదు. చర్చి బెంచీలో అతని చోటు అలాగే వదిలేశారు, ఆలస్యంగా వస్తాడనుకుని.

బ్రెడ్ చేసి ఉంచాను కానీ తీసుకెళ్ళలేదు. జలుబుగా ఉంది.

ఏప్రిల్ 25, గురువారం

మాలకీ నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు, నడివీధిలో.

"మీ రుణం తీర్చుకోలేనండీ! ఫోను ఆగితే ఒట్టు. అట్రాక్టా ఒకటి వేసిందంటే అదేదో చూసి తీరాల్సిందేనట. ఎవరో ఆ ముక్క ఫోటో తీసి నెట్‌లో పెట్టారు. డబ్లిన్ నుంచి కార్లే కార్లు!"

"పాలకేంద్రానికి రెండు వేస్తే ఎవరూ రాలేదే?"

"రెండంటే బాగోలేదని. ఒకటంటే వింత కదండీ! వింతని కొనేవాళ్ళు ఎక్కడైనా ఉంటారు. కిల్డేర్ నుంచి ఒకావిడ వచ్చింది, కుండలు చేస్తుందట. తలుపు రంగు చూసి అక్కడే ఏడ్చేసింది. ఆ టికెట్ కిటికీ తియ్యనని ఫర్సీకి మాటిచ్చి అడ్వాన్సు కట్టేసింది."

ఆడమనిషి. ఒంటరిగానే ఉంటుందట. బుద్ధి లేనిదేమీ కాదట.

ఏప్రిల్ 28, ఆదివారం

పూజకి వచ్చాడు. వెనక నిలబడ్డాడు. ఆశీర్వాదం అవ్వకముందే వెళ్ళిపోయాడు.

ఏప్రిల్ 29, సోమవారం

ఉల్టన్ ఫోన్ చేసి బాగా నవ్వాడు, ఇంతమంది చదివిన కాలమ్ ఇంకోటి లేదట. తర్వాత గొంతు తగ్గించాడు.

"ఆయనేం అనుకోలేదు కదా? ఫర్సీ గారు? ఆయనే ఫోన్ చేసి అడిగారండీ, మీ చేత చేయించమని. మీకు చెప్పొద్దన్నారు. అందుకే నేనప్పుడు..."

"ఎవరు అడిగారు?"

"ఆయనే. మార్చి ఆఖర్లో. బోర్డు పెట్టకముందే. 'అట్రాక్టా వచ్చి చూసి, ఎన్ని మార్కులు వేస్తుందో చూడాలనుంది' అన్నారు. నేను సరదాకి అనుకున్నాను."

ఏప్రిల్ 30, మంగళవారం

కాన్సెప్టాకి చెప్పాను. ఈసారి వెటకారం చెయ్యలేదు.

"అదే కదక్కా రెండోసారి అడగడం" అంది.

నాకు తెలుసు. ఉల్టన్ చెప్పిన క్షణంలోనే తెలిసింది. అమ్మకానికి పెడితేనే నేను వచ్చి మార్కులేస్తానని పెట్టిన బోర్డు, టై, బకెట్‌లో పూలు, రాతబల్ల, మైనం రాసిన సొరుగు. నిజంగా ఎలా అనిపిస్తే అలాగే వెయ్యి అన్న మాట. ఇల్లిల్లూ తిరిగి గోడలో చిన్న పగులు కూడా కనిపెట్టేదాన్ని, అన్నీ చూశాను. పొద్దుట్నుంచీ ఏడుస్తూనే ఉన్నాను, జలుబు కాదు.

మే 1

వెళ్ళాలి. అంతా చెప్పాలి.

మే 4

వర్షం.

మే 5, ఆదివారం

బ్రెడ్ చేశాను. స్టేషను గేటు దాకా వెళ్ళాను. లోపల కిల్డేర్ ఆవిడ కొలతలు తీసుకుంటోంది, ఫర్సీ టేపు రెండో కొస పట్టుకున్నాడు. కారు తిప్పేశాను. బ్రెడ్ హానొరాకి ఇచ్చేశాను.

మే 12

రేపు.

మే 19

వచ్చే ఆదివారం తప్పకుండా.

మే 30, గురువారం

ఈ వారం కాలమ్‌లో పాత సున్నపు బట్టీ ఒకటి, ఇల్లుగా మార్చినది. తొమ్మిది వేశాను. మాలకీ అడిగాడు, మీ ఒంట్లో బాగుందా అని.

జూన్ 13, గురువారం

ఫర్సీ సామాన్లు తీసుకెళ్ళే వాను శనివారం వస్తుందట. హానొరా చెప్పింది. చెబుతూ నా మొహంలోకి చూసింది.

జూన్ 15, శనివారం

వెళ్ళాను.

వాను ప్లాట్‌ఫారానికి ఆనించి ఉంది, ఒకప్పుడు రైళ్ళు ఆగిన చోటే. అన్నకొడుకు డ్రైవరు సీట్లో కూర్చుని శాండ్‌విచ్ తింటున్నాడు. నాకు తలూపి కిటికీ అద్దం ఎత్తేశాడు. తెలివైనవాడే.

లోపల అంతా ఖాళీ. ఇల్లు ఖాళీ అయితే చిన్నదైపోతుంది అంటారు, ఇది పెద్దదైంది. ఫర్సీ టికెట్ కిటికీకి అటు పక్క నేల తుడుస్తున్నాడు. అమ్మేసిన ఇంటి నేల కూడా తుడిచి ఇచ్చే మనిషి. నేను ఇటు పక్క నిలబడ్డాను, బెంచీ కూడా వానెక్కేసింది.

నన్ను చూసి చీపురు గోడకి ఆనించాడు.

"టీ తాగుతావా?" అన్నాడు.

"తాగుతాను."

బిత్తరపోయాడు. చెవులు ఎర్రబడ్డాయి, అచ్చం మార్చిలో లాగే.

"కెటిల్ వానులో పెట్టేశాను" అన్నాడు. "వద్దంటావు కదా అని అడిగాను."

ఇద్దరం నవ్వాం. నవ్వు ఆగాక ఏం చెయ్యాలో ఇద్దరికీ తెలియలేదు. అప్పుడు చెప్పేశాను. ఇన్ని వారాలు కారులో, స్నానాల గదిలో, పూజలో మనసులో అనుకున్న మాటలన్నీ పోయాయి, అడ్డదిడ్డంగా వచ్చింది.

"ఎవరూ కొనకూడదని రాశాను ఫర్సీ. నువ్వు వెళ్ళిపోకూడదని. ఉల్టన్ చెప్పాకే తెలిసింది, నువ్వే అడిగావని."

అతను కిటికీ అంచు మీద చేతులు పెట్టుకుని విన్నాడు.

"బుద్ధి ఉన్న ఏ ఆడదీ" అన్నాడు. "అది రెండుసార్లు చదివాను. మొదట నవ్వొచ్చింది. నువ్వు రాసింది కదా, నవ్వుదామనే మొదలుపెట్టాను."

"నేను అలా అనుకుని..."

"నాకెలా తెలుస్తుంది అట్రాక్టా? నువ్వు ఇళ్ళ విషయంలో ఎప్పుడూ అబద్ధం రాయవు. ఊరంతా అందుకే చదువుతుంది."

కారు తాళాలు పర్సులో వేసుకున్నాను.

"నిజంగా ఎన్ని?" అన్నాడు.

"తొమ్మిది."

"ఒకటెందుకు తగ్గింది?"

"నీ కర్టెన్లు."

"అవి ఘోరంగా ఉంటాయి, నిజమే" అన్నాడు. "ఏడొచ్చినా అడుగుదామనుకున్నాను. ఆరున్నరకి కూడా అడిగేవాణ్ణే" అన్నాడు.

కూర్చోవడానికి బెంచీ లేదు. కిటికీ అంచు మీద నేనూ చేతులు పెట్టాను. అతని చేతులు అక్కడే ఉన్నాయి, జానెడు దూరంలో, గోళ్ళలో ఇంకా సున్నం. అతను వెనక్కి తీసుకోలేదు. నేనూ దగ్గరికి జరపలేదు.

"మా ఇంటికి రా" అన్నాను. "టీ పెడతాను."

"అబ్బే, నీకెందుకు శ్రమ."

"టీ కాదు ఫర్సీ. రా. ఉండిపో. నాన్న కట్టిన ఇల్లు అందంగా ఉండదు, నేను నాలుగు కంటే ఎక్కువ వెయ్యను, కానీ వెనక గదిలో ఎండ పడుతుంది. పద్ధతిగానే. ఫాదర్‌తో నేనే చెబుతాను."

"వద్దులే, ఈ వయసులో. వాడు గది కట్టేశాడు అక్కడ. పాపం, సెలవు పెట్టుకుని వచ్చాడు."

"వాడు అర్థం చేసుకుంటాడు. ఉండు. నేను అడుగుతున్నాను, ఉండిపో."

మూడోసారి నా గొంతు బాగా పెద్దదైంది. ఖాళీ గదుల్లో తిరిగింది. బయట శాండ్‌విచ్ తింటున్న కుర్రాడికి కూడా వినిపించే ఉంటుంది. వినపడనీ అనుకున్నాను. నా జీవితంలో ఏ విషయమూ అంత గట్టిగా అడగలేదు.

ఫర్సీ నా మొహంలోకి నేరుగా చూశాడు. టికెట్ కిటికీలోంచి అంత నేరుగా ఎప్పుడూ చూడలేదు.

"వద్దు అట్రాక్టా" అన్నాడు.

మెల్లగా, మర్యాదగా అన్నాడు. చీపురు తీసుకుని మిగిలిన మూల తుడిచాడు. టై వదులు చేసుకున్నాడు. ఆ ఎర్ర చారల టై ఇవాళ ఎందుకు కట్టుకున్నాడో నేను అడగలేదు. తాళాలు బయట పూలబకెట్ కింద పెట్టి, వాను ఎక్కే ముందు టోపీ ఎత్తాడు.

మా ఊళ్ళో మూడోసారి కూడా వద్దంటే అది నిజంగానే వద్దని. నాలుగోసారి అడగడం మర్యాద కాదు.

అడగలేదు.